నడుము ఫ్యూజన్‌లో బీఎంపీ-2 వాడకం: నా అనుభవం

నడుము పూసల్ని ఒక్కటిగా అతికించే ఆపరేషన్ (ఫ్యూజన్)లో ఎముక పుట్టించడానికి పెట్టే ప్రొటీన్ మందు బీఎంపీ-2. అది చేరిన మెత్తటి కణజాలంలో ఎక్కడైనా ఎముక పుట్టగలదు. అది పూసల మధ్య డిస్క్ ఖాళీయా, నరం వెళ్లే దారా అన్న తేడా ఆ ప్రొటీన్‌కు తెలియదు. అందుకే ఆపరేషన్ బల్ల దగ్గర నా జాగ్రత్తంతా మందు కారకుండా చూడటం మీదే.

పొడిని స్టెరైల్ నీటితో కలిపితే మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములవుతుంది. కొలాజెన్ స్పాంజ్ మీద సమంగా పోసి, కనీసం 15 నిమిషాలు కదపకుండా ఉంచుతాను. తొందరపడితే ప్రొటీన్ స్పాంజ్‌కు సరిగా పట్టదు. 2 గంటల్లోపు వాడెయ్యాలి. తడిసిన స్పాంజ్‌ను కేజ్‌లో (పూసల మధ్య పెట్టే బోలు దిమ్మలో) కుక్కితే మందు పిండుకుపోతుంది. సెలైన్‌తో కడగడం, రక్తం ఆపడం ముందే ముగించుకుంటాను.

అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది పొట్టవైపు నుంచి, ఒక్క లెవెల్‌కు (రెండు పూసల మధ్య ఒక్క చోట) చేసే నడుము ఫ్యూజన్‌కే. వీపువైపు నుంచి చేస్తే డిస్క్‌కు పెట్టిన రంధ్రం నరం పక్కనే ఉంటుంది. అక్కడ నాకు భయం ఎక్కువ. స్పాంజ్‌ను డిస్క్ ఖాళీలో బాగా ముందుకు తోసి, దాని వెనక కేజ్, రోగి సొంత ఎముక ముక్కలు పెడతాను. అవే అడ్డుగోడ.

ఆపరేషన్ తర్వాత కాల్లో కొత్త నొప్పి మొదలైతే వెంటనే మందు మీదికి నెట్టెయ్యను. స్క్రూ పక్కకు పడిందా, రక్తం గూడుకట్టిందా అని స్కాన్‌లో చూస్తాను. రెండూ లేకపోతే నరం వాపును అనుమానిస్తాను. నెలల తర్వాత వచ్చిన నొప్పయితే నరం దారిలో ఎముక పెరిగిందేమో సీటీలో వెతకాలి.

తొలి నెలల్లో కేజ్ చుట్టూ ఎముక కరిగినట్టు కనిపించడం మరో చిక్కు. ఈ ప్రొటీన్ ఎముకను తినే కణాలను కూడా రెచ్చగొడుతుంది. మోతాదు ఎక్కువైనా, పూస అంచు పలకను లోతుగా గీకినా ముప్పు పెరుగుతుంది, కేజ్ కుంగిపోవచ్చు. చూడ్డానికి ఇన్‌ఫెక్షన్‌లా ఉంటుంది కాబట్టి జ్వరం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) చూడాలి. అవి మామూలుగా ఉండి, కేజ్ కదలకపోతే ఆగుతాను. చాలావరకు ఆ గుంత తనంతట తానే పూడుతుంది.

పొట్టవైపు ఆపరేషన్ చేయించుకునే మగవాళ్లకు వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోయే అవకాశం ఉందని ముందే చెప్పాలి. సిగ్గుపడి దాటెయ్యాల్సిన మాట కాదిది.

మెడకు ముందువైపు నుంచి చేసే ఫ్యూజన్‌లో నేను దీన్ని వాడను. గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదముందని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ వాపు ఎక్కువగా 2 నుంచి 14 రోజుల మధ్య, అంటే రోగి ఇంటికి వెళ్లాక వస్తుంది. ఎక్కడైనా అలా వాడి ఉంటే, మింగడం కష్టమైనా, మాట మారినా, ఊపిరి అందకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.