లింకన్‌లో బాతమ్మ

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది, లండన్ అంతా తిప్పేశాను, బ్యాంకు సెలవు వారాంతంలో ఎక్కడికైనా తీసుకెళ్దామంటే ఎడిన్‌బరో హోటళ్ల రేట్లు చూసి కళ్లు తిరిగాయి. అలా ఇంగ్లండ్‌లోనే ఉన్న లింకన్ అనే ఊరు తేలింది. కింగ్స్ క్రాస్ నుంచి డైరెక్టు రైలుకి టికెట్లు దొరకలేదు, న్యూవార్క్‌లో మారాలి, తీరా అక్కడ దిగితే పట్టాల పనులట, రైలు బదులు బస్సు. అంత డబ్బు పోసి రైలు టికెట్ కొని బస్సులో వెళ్లడమేమిటో, ఇన్నేళ్లయినా నాకు అలవాటు కాలేదు.

లింకన్ స్టేషన్ బయట జార్జ్ బూల్ విగ్రహం ఉంది, కంప్యూటర్ ప్రోగ్రాముల్లోని ట్రూ, ఫాల్స్ తర్కానికి పునాది వేసిన లెక్కల పండితుడు. పదిహేనేళ్లుగా ప్రోగ్రాముల్లో ఆ ట్రూ, ఫాల్స్ రాసుకుంటూ జీతం తీసుకుంటున్నాను కానీ ఆ బూల్‌ది ఈ ఊరని నాకు తెలియదు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. బూల్ 1815లో ఇక్కడ ఒక చెప్పులు కుట్టే ఆయన ఇంట్లో పుట్టి, పంతొమ్మిదేళ్లకే సొంతంగా బడి పెట్టాడని ఫోన్లో చదివి వినిపిస్తే, విగ్రహం పక్కన నిలబడి రెండు ఫొటోలు తీయించుకున్నారు, రెండింట్లోనూ చేతులు కట్టుకునే.

అసలు తప్పు నాది. హోటల్ కొండ పైన బుక్ చేశాను. మ్యాప్‌లో ఇరవై నిమిషాల నడక అని ఉంది, ఎత్తెంతో ఎవరు చూస్తారు? దారిలో వీధి పేరు స్టీప్ హిల్ అని కనిపించింది, అయినా నల్లకుంటలో ఇప్పుడు కుంట ఉందా ఏంటి, ఇదీ అంతే అనుకున్నాను. హై స్ట్రీట్ బాగానే సాగింది, నది మీది వంతెనపై ఇల్లు కట్టారని అమ్మ ఆగి మరీ చూసింది. ఆ తర్వాత రోడ్డు సన్నబడింది, రాళ్లు పరిచిన దారి, పక్కన గోడకి పట్టుకోవడానికి ఇనప కమ్మీ. ఏడడుగులు నడిస్తే ఒక అడుగు పైకి లేచే వీధి అది. అలిపిరి మెట్లు 3,550, అమ్మ మూడుసార్లు ఎక్కింది, కానీ అది మోకాళ్లు బాగున్నప్పటి మాట. సగం దూరంలో కమ్మీ పట్టుకుని ఆగిపోయి, "ఏరా, ఇది మోకాళ్ల పర్వతంరా, ముందే చెప్పొద్దూ?" అంది. నాన్న ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం నాకు.

బెంచీ కనిపిస్తే కూర్చోబెట్టాను. కాసేపటికి కింద నుంచి ఒక ముసలావిడ కూరల సంచీతో ఎక్కుతూ వచ్చి అమ్మ పక్కన కూలబడింది. ఎనభై దాటి ఉంటాయి. అమ్మ మోకాలు చూపించింది, ఆవిడ తన మోకాలు చూపించి, కుడిది కాదు ఎడమది అన్నట్టు తల ఊపింది. ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు, అయినా పది నిమిషాలు మోకాళ్ల గురించే మాట్లాడుకున్నారు. ఆవిడ పిప్పరమెంటు ఇచ్చింది, అమ్మ జంతికల డబ్బా తీసింది. ఆవిడ ఒకటి కొరికి, ఘాటుకి కళ్లు పెద్దవి చేసి, ఇంకోటి తీసుకుంది. మాటకోసారి "డక్" అంటుంటే అమ్మ నా చెవిలో, "డక్ అంటే బాతు కదరా, నన్నేనా?" అంది. ఈ ప్రాంతంలో ముద్దుగా అలాగే పిలుస్తారని చెప్పాను. అప్పట్నుంచి ఆవిడ మాకు బాతమ్మ. కొండ మీది పెద్ద చర్చి, లింకన్ కెథెడ్రల్, చూడాలంటే పగలు టికెట్ ఉంటుందని, సాయంత్రం పాటల ప్రార్థనకి వస్తే ఊరికే లోపల కూర్చోవచ్చని ఆవిడే చెప్పింది.

పైకి వెళ్లాక నేను మాత్రం టికెట్ కౌంటర్ దగ్గరికే నడిచాను. మనిషికి పది పౌండ్ల పైమాటే, ముగ్గురికి రూపాయల్లో మూడు వేలు దాటింది. అమ్మకి కోపం వచ్చింది. "తిరుమలలో మూడొందలు కడితే స్వామి కనిపిస్తాడు, ఇక్కడ గోడలకా?" ఆ గోడలు 1072లో మొదలయ్యాయని, 1311లో, అంటే ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజుల్లో, దీని శిఖరం పూర్తయి ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం అయిందంటారని, 1548లో ఆ శిఖరం గాలివానకి కూలిపోయిందని నేను వికీపీడియాలా చెప్పుకొచ్చాను. "కూలిపోయాక ఇంకెందుకు టికెట్టు?" అంది అమ్మ. సరే, వెనక్కి వచ్చి, కోట ఎదురుగా కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. టీ మాత్రం కొన్నాం, మూడు టీలకీ, ప్లమ్ బ్రెడ్ ముక్కలకీ అయిన బిల్లు నాన్నకి చూపించలేదు.

సాయంత్రం వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు. నల్లబడిన చెక్క కుర్చీల వరసలోనే మమ్మల్ని కూర్చోబెట్టారు, చేతి కింద చెక్కిన ఆకులు అరిగి నున్నగా తగులుతున్నాయి. పిల్లలూ పెద్దలూ కలిసి పాడారు. మైకు లేదు. పాట ఆగాక కూడా పైన రాళ్లలో కాసేపు తిరిగి అప్పుడు పోయింది. మా ఊళ్లో ధనుర్మాసం తెల్లవారుజామున స్పీకరు పగిలిపోయేలా వచ్చే పాశురాలతో పెరిగినవాణ్ణి, ఈ నిశ్శబ్దం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. అమ్మకి కాదు. లేచేవాళ్లని చూసి లేచింది, కూర్చునేవాళ్లని చూసి కూర్చుంది, మధ్యలో చేతులు జోడించే ఉంది. బాతమ్మ వస్తుందేమోనని రెండుసార్లు వెనక్కి చూసింది. రాలేదు.

ఆదివారం కోటలో మాగ్నా కార్టా చూశాం, రాజు అధికారానికి హద్దులు పెట్టిన పాత ఒప్పంద పత్రం, 1215 నాటివాటిలో ఇప్పటికి మిగిలిన నాలుగు ప్రతుల్లో ఒకటి, మసక వెలుతుర్లో. ఒక్క లాటిన్ ముక్క రాకపోయినా నాన్న అక్కడ అరగంట నిలబడ్డారు. దుకాణాల్లో ఎక్కడ చూసినా లింకన్ ఇంప్, చర్చి లోపల రాయైపోయిందని చెప్పుకునే బుల్లి దయ్యం, తాళంచెవులకి వేలాడుతోంది. ఒకటి కొనబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "దయ్యాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకుంటావట్రా?"

దిగడానికి టాక్సీ పిలిచాను. మళ్లీ న్యూవార్క్ బస్సులో కూర్చున్నాక అమ్మ గుంటూరు పిన్నికి వీడియో కాల్ చేసి కొండ గురించి, బాతమ్మ గురించి, మోకాళ్ల గురించి గంటసేపు చెప్పింది. గుడి ఎలా ఉందక్కా అని పిన్ని అడిగితే, "బాగుందే, టికెట్టూ లేదు, ప్రసాదమూ లేదు" అంది.