అమ్మ కల్లు అలవాటు: ఒక్కసారిగా ఆపించి నేను చేసిన తప్పు

నిన్న డాక్టరు అమ్మ రాత్రి మాత్రను సగానికి తగ్గించారు. ఇక్కడిదాకా రావడానికి ఐదు నెలలు పట్టింది. మా వైపు అమ్మలాంటి వాళ్లు వాడకు నలుగురుంటారు. వాళ్ల పిల్లలు నాలాగా చేయకూడదని రాస్తున్నాను.

మాది కామారెడ్డి దగ్గర పల్లె. అమ్మ బీడీలు చేస్తుంది. వెయ్యి బీడీలు చుట్టి, కట్టలు అప్పజెప్పి, పొద్దుగూకాక కల్లు దుకాణానికి పోయేది. ఇరవై ఏళ్ల అలవాటు. మొదట్లో రెండు సీసాలు, నాన్న పోయాక నాలుగు. మా దగ్గర ఆడవాళ్లు కల్లు తాగడం వింతేమీ కాదు, నేనూ తప్పుపట్టలేదు. కానీ దుకాణంలో అమ్మేది చెట్టు దించిన కల్లు కాదు. ఉన్న కాస్త కల్లులో నీళ్లు, శాకరిన్ పోసి, మత్తు కోసం అల్ప్రాజోలం లాంటి మందు కలుపుతారు. అమ్మ ఇరవై ఏళ్లుగా తాగుతున్నది కల్లు పేరుతో ఆ మందునే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి జనం చనిపోయారని టీవీలో చూశాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లారే ఊరికి పోయి అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చాను. ‘ఇవాళ్టి నుంచి చుక్క ముట్టొద్దు’ అన్నాను. అమ్మ సరే అంది.

రెండో రోజుకి ఆమె వేళ్లు చాటలో తునికాకును పట్టుకోలేకపోయాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. గోడ మీద చీమలున్నాయని దులుపుతోంది. నేను అది మొండితనం అనుకున్నాను. ఫోన్‌లో వెతికి, శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రానికి తీసుకెళ్లాను.

మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్నారు. ముక్కుపుడక, గాజులు, కడియాలు తీయించి కవర్లో వేశారు. నెల దాకా ఫోను లేదు, చూడ్డానికి రావద్దన్నారు. తర్వాత కౌన్సిలర్ అని చెప్పుకున్నాయన అమ్మను హాల్లోకి తీసుకెళ్లాడు. ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు, ఎక్కువ మంది మగవాళ్లే. అమ్మను మధ్యలో నిలబెట్టి, ‘నేను తాగుబోతును, నా బిడ్డ పరువు తీసిన అని గట్టిగా చెప్పు’ అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. నోరు తెరిచింది కానీ నాలుక తిరగలేదు. ‘ఇంకా మత్తు దిగలేదు, మళ్లీ చెప్పు’ అన్నాడు. ఎవరో నవ్వారు. మూడోసారికి చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఒక్క మాట అనలేదు. పైగా వాళ్లిచ్చిన కాగితం మీద సంతకం పెట్టి వచ్చాను. ఆ రోజు నేను చేసిన దానికి ఇప్పటికీ అమ్మ కళ్లలోకి సూటిగా చూడలేను.

రాత్రి రెండింటికి ఫోను. ‘మీ అమ్మకు ఫిట్స్ వచ్చినయి, వచ్చి తీసుకుపోండి.’ పోయేసరికి వరండాలో కింద పడుకోబెట్టారు. మంచానికి తువ్వాలుతో కట్టేసినట్టు మణికట్ల మీద ఎర్రటి గుర్తులు. అక్కడ డాక్టరు లేడు, నర్సు కూడా లేదు. ఫీజు తిరిగివ్వలేదు. మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది. మత్తు అలవాటు చికిత్స కూడా దాని కిందికే వస్తుంది. అలాంటి కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, మనిషిని అవమానించే హక్కు ఎవరికీ లేదు. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రాత్రిపూట డాక్టరు ఉంటాడా అని అడగండి. తడబడితే వెనక్కి తిరిగి వచ్చేయండి. ‘తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తారు’ అంటూ పొడి అమ్మేవాళ్ల జోలికి అసలు పోకండి. అందులో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, దాని మీద కల్లో సారానో తాగిన మనిషి ప్రాణం మీదికొస్తుంది.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ‘కల్లు ఎప్పుడు ఆపారు?’ మొన్న అన్నాను. ‘ఎవరు ఆపమన్నారు?’ నా దగ్గర జవాబు లేదు. ఒళ్లు అలవాటుపడిన మందును ఒక్కసారిగా లాగేస్తే ఫిట్స్ వస్తాయని, కొందరు చనిపోతారని, మెల్లమెల్లగా దించాలని చెప్పారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు జనం కట్టిన వరుసలు అప్పుడు గుర్తొచ్చాయి. పేపర్లో చూసి కూడా మా ఇంటికి అన్వయించుకోలేదు.

నాలుగు రోజులకు డిశ్చార్జి. తర్వాత మా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించడం గంట పని.

అక్కడి కౌన్సిలర్ మేడమ్ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నన్ను బయట ఉండమన్నారు. తర్వాత పిలిచారు. ఆమె అడిగినవి ఇవి: రోజుకు ఎన్ని సీసాలు, తిన్నాక తాగుతారా, ఎవరితో తాగుతారు, తాగాక పొయ్యి ముట్టిస్తారా, ఎప్పుడైనా పడ్డారా. ఎందుకు తాగుతావని అడగలేదు. ‘మానేస్తానని ఒట్టు పెట్టించను. తాగిన రోజు తాగిన అని చెప్తే చాలు’ అన్నారు. డాక్టరు నిదానంగా దిగే మాత్ర రాసి, విడతలవారీగా తగ్గిస్తామన్నారు. మోతాదు ఇక్కడ రాయను, మనిషి మనిషికీ వేరు. కల్లులోని మందు పని ఇప్పుడు ఈ మాత్ర చేస్తుంది కాబట్టి రెండూ ఒకే రాత్రి పడకూడదని, పడితే ఊపిరి మందగిస్తుందని అమ్మకే చెప్పారు. ఎప్పుడైనా లేపినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలని నాకు చెప్పారు. రాత్రిళ్లు భయం వేస్తే 14416కి చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోను, తెలుగులోనే మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను.

అమ్మకు రాయడం రాదు. అందుకని మేడమ్ బీడీ దారం అడిగారు. నెలకు ఒక దారం, తాగిన ప్రతి సీసాకు ఒక ముడి. నేను ముళ్లు చూసి తిట్టకూడదు, అది నాకు పెట్టిన షరతు. మొదటి దారానికి తొమ్మిది ముళ్లు. నాకు టెన్షన్‌తో మాట గొంతు దాకా వచ్చింది కానీ ఏమీ అనలేదు. మేడమ్ మాత్రం వేళ్లతో లెక్కపెట్టి, ‘నెలకు నూట ఇరవై తాగేవారు కదా అమ్మా’ అన్నారు. అమ్మ ముఖం విప్పారింది. రెండో దారానికి ఐదు. మూడోది రెండు. నాలుగోది నున్నగా ఉంది. నేను ఊరంతా చెప్పుకున్నాను.

మొన్న ఆదివారం మేనమామ ఇంట్లో పెళ్లి. రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. గొంతు నిలకడగానే ఉంది.

‘బిడ్డా, ఒక్కటి తాగిన. ఈతకల్లు. అన్నం తిన్నంకనే తాగిన. మాత్ర ఏసుకోలే. పొద్దుగాల మేడమ్‌కు ఫోన్ జేసి అడుగు, ఎప్పుడేసుకోవాల్నో. దారానికి ముడేసిన.’