బాడీ షెడ్డులో పుట్టిన కారు

రావులపాలెంలో జాతీయ రహదారి పక్కన మా నాన్నగారికి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. అప్పట్లో కొత్త చాసిస్‌కు క్యాబిన్ కూడా ఉండేది కాదు; డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చెక్కపెట్టె మీద కూర్చుని, ఎండలో దానిని ఫ్యాక్టరీ నుంచి అంత దూరమూ తోలుకొచ్చేవాడు. అరటి గెలలు మోసే లారీకి పక్కబల్లల మధ్య ఎంత సందు వదలాలో నాన్నగారు బెత్తెలతో కొలిచి చెప్పేవారు. అందుకే జెన్సెన్ కార్ల చరిత్ర చదివినప్పుడు నాకు ముందుగా కనిపించింది కారు కాదు, షెడ్డు.

ఇంగ్లండులోని వెస్ట్ బ్రామిచ్‌లో లారీలకూ బస్సులకూ బాడీలు కట్టే ఒక పాత సంస్థను ఎలన్, రిచర్డ్ జెన్సెన్ అనే అన్నదమ్ములు చేతిలోకి తీసుకుని, 1934లో దానికి తమ పేరు పెట్టుకున్నారు. సొంత కార్లు చేశారు, తేలికపాటి లారీలూ చేశారు. ఫైబర్ గ్లాస్ బాడీతో వచ్చిన 541 కారుకు 1956లోనే నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు అమర్చారు. కానీ షెడ్డులో పొయ్యి వెలిగించింది ఆ కార్లు కావు. ఆస్టిన్-హీలీ స్పోర్ట్స్ కార్లకు బాడీలు కట్టే పని, తరువాత సన్‌బీమ్ టైగర్ తయారీ. వోల్వో పి1800 కూర్పు కూడా వీరికే దక్కింది గాని, నాణ్యతపై పేచీలు వచ్చి 1963లో అది స్వీడన్‌కు తరలిపోయింది.

1966లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ వీరి పేరు నిలిపిన కారు. రూపం గీసింది ఇటలీకి చెందిన టూరింగ్ సంస్థ, ఇంజను అమెరికా క్రైస్లర్ వారి ఎనిమిది సిలిండర్ల వి8, మొదటి బాడీలు కూడా ఇటలీలోనే తయారయ్యాయి. వెనక వైపు మొత్తం గాజుతొట్టెలా వంగిన ఒకే పెద్ద అద్దం. దానితోపాటే వచ్చిన ఎఫ్ఎఫ్ నమూనాలో నాలుగు చక్రాలకూ ఇంజను శక్తిని అందించే ఫెర్గుసన్ పద్ధతీ, చక్రాలు బిగుసుకుని జారిపోకుండా చూసే, విమానాల కోసం పుట్టిన డన్‌లప్ మాక్సారెట్ బ్రేకులూ ఉండేవి. తరువాత చాలా ఏళ్లకు గాని ఇతరులు అందుకోని పనితనమది, కానీ ముందు చక్రాలకు శక్తిని పంపే కడ్డీ ఎడమ పక్క చోటంతా ఆక్రమించినందున స్టీరింగును కుడి వైపే పెట్టవలసి వచ్చింది. మన రోడ్లకు సరిపోయేదే గాని, అమెరికాలో అమ్మే దారి మూసుకుపోయింది. మొత్తం 320 మాత్రమే తయారయ్యాయి.

ఈ సంస్థను 1973 నాటి చమురు సంక్షోభం ముంచిందని చాలామంది రాస్తారు. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు వచ్చే కారుకు అది పెద్ద దెబ్బే, కాదనను. అయినా నా లెక్కలో అసలు దెబ్బ 1967లోనే తగిలింది: ఆ ఏడాది ఆస్టిన్-హీలీ పనీ, టైగర్ పనీ రెండూ ఆగిపోయాయి. మా షెడ్డుకు ఏడాది పొడుగునా చాసిస్‌లు పంపే ఒక పార్టీ ఒక సంక్రాంతి తరువాత మాటా పలుకూ లేకుండా మానేసినప్పుడు, ఆరుగురు వడ్రంగులలో నలుగురిని నాన్నగారు ఆ వేసవిలోపే పంపించవలసి వచ్చింది.

జెన్సెన్‌కు ఏర్పడిన ఆ లోటు పూడ్చడానికి, 1970లో సంస్థ పెత్తనం తీసుకున్న కాలిఫోర్నియా కార్ల వ్యాపారి షెల్ క్వాలే, ఆస్టిన్-హీలీ కార్ల రూపకర్త డొనాల్డ్ హీలీని కలుపుకుని 1972లో జెన్సెన్-హీలీ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. లోటస్ ఇంజను పూర్తిగా పరీక్షకు నిలవకుండానే బండెక్కింది. ఆయిలు కారడం, బాడీ తుప్పు పట్టడం చెడ్డపేరు తెచ్చాయి. పదివేలకు పైగా అమ్మినా అప్పు తీరలేదు. 1976లో ఫ్యాక్టరీ మూతపడింది.

మొన్న ఫోనులో ఇంటర్‌సెప్టర్ బొమ్మ చూపిస్తే నాన్నగారు వెనక అద్దం దగ్గరే ఆగిపోయి, "ఇది పగిలితే ఎక్కడ దొరుకుతుందిరా?" అన్నారు. ఫ్యాక్టరీ పోయినా విడిభాగాలూ మరమ్మతులూ చూసే చిన్న సంస్థ ఒకటి కొంతకాలం నడిచిందని చెప్పాను. "అయితే షెడ్డు మిగిలిందన్నమాట," అని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.