చేతులు వెనక్కి కట్టుకోవడం నేర్పిన చదువు: ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్‌గా నా అనుభవం

అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, గాయం తర్వాత రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా చేసే చికిత్స) అసిస్టెంట్ కోర్సు చేద్దామనుకునేవాళ్లు ఫీజు కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ఆ ప్రోగ్రామ్‌కు ఈ కోర్సులను పరిశీలించే ఏకోట్ సంస్థ గుర్తింపు ఉందా లేదా? లేకపోతే ఈ వృత్తికి దేశమంతటా ఉండే సర్టిఫికేషన్ పరీక్షకు, అంటే ఎన్‌బీకాట్‌కు, కూర్చోనివ్వరు. ఆ పరీక్ష గట్టెక్కనిదే రాష్ట్రం లైసెన్స్ ఇవ్వదు. యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడు నేను గట్టిగా పట్టించుకున్నది ఇదొక్కటే.

అనాటమీ, కినీషియాలజీ (శరీర కదలికల శాస్త్రం) బట్టీ పట్టక తప్పని సబ్జెక్టులు. గోనియోమీటర్‌తో మోచేయి ఎంతవరకు వంగుతోందో కొలవడం, కండరం బలానికి 0 నుంచి 5 దాకా గ్రేడు ఇవ్వడం చేయగా చేయగా వచ్చేస్తాయి. నన్ను ఈ చదువులోకి నిజంగా లాగింది మాత్రం యాక్టివిటీ అనాలిసిస్, అంటే ఒక పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి చూడటం. పళ్లు తోముకోవడంలో ఏమేం చేస్తామో రాయమంటే ఏముంది, నాలుగు లైన్లలో అయిపోతుందనిపిస్తుంది. రాయడం మొదలుపెడితే తెగదు. పేస్ట్ మూత తిప్పడానికి వేళ్ల పట్టు కావాలి. ట్యూబు ఎంత గట్టిగా నొక్కాలో చేతికి తెలియాలి. సింక్ ముందు నిలబడటానికి బ్యాలెన్స్ ఉండాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది గుర్తుండాలి. ఇక చాలు అని ఆపడం కూడా మెదడు చేసే పనే! వీటిలో ఎక్కడ తెగిందో కనిపెడితేనే ఎక్కడ సాయం పెట్టాలో తెలుస్తుంది. నిలబడలేనివారికి కుర్చీ వేస్తే సరిపోవచ్చు. క్రమం మర్చిపోయేవారికి కుర్చీ ఎందుకు?

ల్యాబ్‌లో ఒకరికొకరం పేషెంట్లమయ్యేవాళ్లం. పక్షవాతం వచ్చినవారు చొక్కా వేసుకునేటప్పుడు బలహీనమైన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తీయాలి. చదివితే అర్థమైనట్టే ఉంటుంది. ఒక చేతిని పూర్తిగా వదిలేసి వేసుకుని చూస్తేనే అందులో తర్కం ఒంటికి ఎక్కుతుంది.

ఫీల్డ్‌వర్క్, అంటే నిజమైన పేషెంట్ల దగ్గర శిక్షణ, కనీసం 16 వారాలు, ఫుల్‌టైమ్. రిహాబ్ సెంటర్‌లో మొదటి వారంలోనే మా సూపర్‌వైజర్ ఒక మాట అన్నారు: "కూర్చుని పని చేస్తున్న పేషెంట్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి." తుంటి కీలు మార్పిడి అయిన ఒక పెద్దావిడ దగ్గర అది ఎంత కష్టమో తెలిసింది. వెనకవైపు నుంచి చేసిన ఆపరేషన్ కాబట్టి తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. వంగకుండా సాక్స్ వేసుకోవడానికి సాక్ ఎయిడ్ అనే తాళ్లున్న పరికరం ఇస్తాం. ఆవిడ సాక్స్‌ను దానికి తొడిగి, తాళ్లు పట్టుకుని లాగితే అది జారిపోయేది. మళ్లీ తొడిగేవారు. నేను చేయి వేస్తే క్షణంలో అయిపోయే పని. కానీ ఇంటికెళ్లాక వేసుకోవాల్సింది ఆవిడే కదా. చివరికి తాళ్లను మెల్లగా లాగడం ఆవిడకే తట్టింది.

అలాగని ప్రతిసారీ దూరంగా నిలబడితే ప్రమాదం. పేషెంట్ మంచం నుంచి కుర్చీలోకి మారేటప్పుడు గెయిట్ బెల్ట్ (పడిపోకుండా పట్టుకోవడానికి పేషెంట్ నడుముకు కట్టే బెల్టు) మీద పట్టు వదలకూడదు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పట్టుకోవాలి అన్న అంచనా పుస్తకాల్లోంచి రాలేదు.

నోట్స్ రాయడానికి నేను అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ పట్టేది. "బాగా చేశారు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "కుర్చీలో కూర్చుని, సాక్ ఎయిడ్‌తో కుడి కాలికి సాక్స్ వేసుకున్నారు, మధ్యలో ఒకసారి మాటతో గుర్తుచేయాల్సి వచ్చింది" అని రాయాలి. పరీక్షించి చికిత్స ప్లాన్ వేసే బాధ్యత థెరపిస్ట్‌ది. అమలు చేసేది, రోజూ చూసేది మనం. లక్ష్యాలు మనంతట మనం మార్చకూడదు. ఇది చిన్నతనమని కొందరు క్లాస్‌మేట్లు అనుకున్నారు, నాకు అలా అనిపించలేదు. మన నోట్స్ చూసే కదా ప్లాన్ మారేది. చిన్నతనం అనిపించేది వేరే ఉంది: అసిస్టెంట్ చేసిన ఔట్‌పేషెంట్ థెరపీకి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) 2022 నుంచి మామూలు రేటులో 85 శాతమే ఇస్తోంది.

ఎన్‌బీకాట్ పరీక్ష నాలుగు గంటలు. స్కేలు మీద 450 వస్తే పాస్. టెన్షన్ అంతా ఎక్కడంటే, ఇచ్చిన ఆప్షన్లన్నీ సరైనవిలాగే కనిపిస్తాయి. నేను ప్రతి ప్రశ్నకూ రెండు విషయాలు చూసుకునేదాన్ని: పేషెంట్ పడిపోయే, గాయపడే అవకాశం ఉందా? ఇది అసిస్టెంట్ చేయదగిన పనేనా, థెరపిస్ట్‌కు చెప్పాల్సిందా? ఈ రెండింటితోనే సగం ఆప్షన్లు ఎగిరిపోయేవి. బట్టీ పట్టిన కండరాల పేర్ల కంటే ఫీల్డ్‌వర్క్‌లో చూసిన మనుషులే ఎక్కువ అక్కరకొచ్చారు.

పాసైన రోజే ఉద్యోగంలో చేరిపోవచ్చనుకోకండి. లైసెన్స్ దరఖాస్తు వేరు, ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే. స్కోరు రాష్ట్ర బోర్డుకు నేరుగా పంపే ఏర్పాటు ముందే చేసుకుంటే ఆ ఎదురుచూపు కాస్త తగ్గుతుంది.