పోచమ్మ బోనం, మాయ అనే మాట

ఆషాఢమాసంలో కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, పాలూ బెల్లం వేసి వండిన అన్నం మీద దీపం నిలిపి మన ఆడపడుచులు తలకెత్తుకునే బోనం పోచమ్మది, అంటే ఒకప్పుడు మశూచిగా వచ్చిన తల్లిది. ఆ రోగాన్ని పేరు పెట్టి పిలవడానికి వెరచి "అమ్మవారు పోసింది" అన్నారు, ఒంటి మీది పొక్కులను ముత్యాలన్నారు.

చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసినప్పుడు నాయనమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, ఇదివరకు ఆ తల్లి పోసినవాళ్ళను తప్ప ఎవరినీ గదిలోకి రానివ్వలేదు. దురద పుడితే గోరు తగలనివ్వక, లేత వేపరెమ్మతో వీపంతా నిమిరేది. లోపలివాళ్ళెవరో బయటివాళ్ళెవరో ఆ ఇంట్లో తేల్చింది కులమూ కాదు, చుట్టరికమూ కాదు, ఒక వైరస్. ఆటలమ్మ తగ్గాక కూడా ఆ వైరస్ నరాల మూలాల్లో జీవితాంతం ఉండిపోతుంది. మశూచి వైరస్ అలా ఒంట్లో నిలిచేది కాదు గానీ, బతికి బయటపడినవారికి మళ్ళీ సోకకుండా రక్షణనిచ్చి, వారి ముఖాల మీద మచ్చలు మిగిల్చి వెళ్ళేది. ఎందరో పసిబిడ్డలను పొట్టన పెట్టుకున్న ఆ రోగాన్ని నేను పొగడలేను. మన దేశంలో అది 1975తో ఆగింది, 1980లో ప్రపంచమంతటా అంతరించిందని ప్రకటించారు.

రోగం పోయినా తల్లి మిగిలింది. ఎందుకు మిగిలిందా అని ఆలోచించినప్పుడల్లా నాకు దేవీ మాహాత్మ్యంలోని "యా దేవీ సర్వభూతేషు విష్ణుమాయేతి శబ్దితా" అన్న శ్లోకం గుర్తుకొస్తుంది, అంటే అన్ని ప్రాణుల్లోనూ విష్ణుమాయ అని పిలిపించుకునే దేవి అని. కాన్పు తర్వాత పడేదాన్ని కూడా మనం మాయ అనే అంటాం. సగం తండ్రి పోలికతో వచ్చిన బిడ్డ తల్లి ఒంటికి ఒక లెక్కన పరాయిదే, అయినా ఆ పరాయిదనాన్ని దాటి పోషణ అందించేది ఈ మాయే. అందులో కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, మధ్యలో గోడలు లేని ఒకే పొరగా మారడానికి సిన్సిటిన్ అనే ప్రోటీన్ కావాలి. కోట్ల ఏళ్ళ క్రితం మన పూర్వజీవులకు సోకి, వాటి జన్యువుల్లోనే స్థిరపడిన ఒక వైరస్ నుంచి అది వచ్చిందని 2000లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఎలుకల్లో అటువంటి జన్యువును తొలగిస్తే పిండాలు కడుపులోనే చనిపోయాయి. మనిషి జన్యుపదార్థంలో సుమారు 8 శాతం ఇలాంటి పాత వైరస్‌ల నుంచి వచ్చినదే.

మన పెద్దలకు ఇదంతా ముందే తెలుసని నేను అనను, అలా అనడం వారి భక్తికీ శాస్త్రానికీ న్యాయం కాదు. కానీ ఊరిని హడలెత్తించి పొలిమేర గీయించిన దానినే వారు అమ్మా అని పిలిచారు. ఏటా బోనంతో వెళ్ళి, గుడి ముందు వేపాకూ పసుపూ కలిపిన నీళ్ళు సాక పోసేటప్పుడు, నాయనమ్మ తన బిడ్డల పేర్లతో ఆగక, ఊరివాళ్ళ బిడ్డలనూ, ఆ వేళకు ఊళ్ళోకి వచ్చిన బాటసారి బిడ్డలనూ చల్లగా చూడమని మొక్కేది.