పొగడ చెట్టు కింద ఆదివారం

పాలపాకెట్టు కోసం బయలుదేరినదాన్ని పార్కు గోడ దగ్గర ఆగిపోయాను. పొగడ చెట్టు కింద నేలంతా పూలు. రాత్రంతా రాలుతూనే ఉంటాయి కాబట్టి జనం తొక్కకముందే ఏరుకోవాలి. పక్కవాటా పిన్నిగారు అప్పటికే కొంగు పట్టేశారు.

పువ్వు చూస్తే గోరంత కూడా ఉండదు. మీగడ రంగు, సన్నని మొనదేలిన రేకులు. రేకులన్నీ కలిసికట్టుగా ఊడి పడతాయి, తొడిమ కొమ్మకే ఉండిపోతుంది. అందుకే నడుమ చక్కని రంధ్రం. సూది అక్కర్లేదు, అరటినార ఉంటే చాలు, దండ తయారు. వాడి గోధుమరంగుకు తిరిగినా వాసన పోదు. మా ఇంట్లో బీరువాలో చీరల మధ్య వేసేది ఈ ఎండిన దండలే. కలరా ఉండల వాసన నాకు పడదు.

పూల మధ్య నారింజ రంగుకు తిరిగిన పండ్లు కూడా పడి ఉన్నాయి. ఒకటి తీసి తుడుస్తుంటే పిన్నిగారు కంగారుపడ్డారు.

"పాలు కారే చెట్టు పండు తినకూడదమ్మా, విషం."

"మరి సపోటా కాయ తుంచినా పాలే కదండీ కారేది?"

సపోటా, ఇప్ప, పొగడ ఒకే కుటుంబం. అయినా ఆవిడ భయాన్ని తీసిపారేయలేం. అదే పార్కులో పచ్చగన్నేరు కూడా ఉంది. దానికీ పాలు కారతాయి, దాని కాయ నిజంగానే ప్రాణం తీస్తుంది. అందుకే ఆవిడకు రెండూ పక్కపక్కన చూపించాను. పచ్చగన్నేరు ఆకు సన్నగా, పొడవుగా ఉంటుంది, కాయ పలకలు తేలి ఉంటుంది. పొగడ ఆకు వెడల్పు, నిగనిగలాడుతుంది, అంచు అలలు అలలుగా ఉంటుంది. పండు కోలగా, కొసన చిన్న ముల్లులాంటి మొనతో ఉంటుంది. లోపల సాధారణంగా ఒకే గింజ, గోధుమరంగులో మెరుస్తూ.

తొక్క తీసి నోట్లో వేసుకున్నాను. ఉడికిన గుడ్డు పచ్చసొనలా పొడిపొడిగా ఉంటుంది. ముందు తీపి, వెంటనే వగరు. బాగా మగ్గకపోతే నాలుక పిడచకట్టుకుపోతుంది. పిన్నిగారు ధైర్యం చేసి సగం కొరికి, "పిట్టలకు వదిలెయ్యి" అన్నారు. నేను మాత్రం మరొకటి తిన్నాను. బజారులో దొరకని రుచి మీద నాకు కాస్త పక్షపాతం.

మొదలు దగ్గర ఎవరో బెరడు చెక్కేశారు. ఒళ్ళు మండింది. చిగుళ్ళు గట్టిపడటానికి దాని కషాయం పుక్కిలించడం పాత అలవాటే. కానీ చుట్టూ బెరడు తీస్తే చెట్టు చస్తుంది. మూలికల దుకాణంలో పొడి దొరుకుతుంటే రోడ్డు పక్క చెట్టు మీదేనా ప్రతాపం? అందగత్తెలు మద్యం పుక్కిలించి చల్లితే పొగడ పూస్తుందని మన పాత కవులు రాశారు. ఈ చెట్టుకు ఆ వైభోగం అక్కర్లేదు, కత్తి తగలకుండా ఉంటే చాలు.

ఇంటికి వచ్చాక గింజలు కడిగి, ఖాళీ పాలకవర్లలో మట్టి నింపి పెట్టాను. పెరగడంలో పొగడకు తొందర లేదు. మేం పూలు చూడటానికి ఏళ్ళు పడుతుంది. సాయంత్రం పిన్నిగారు వచ్చి రెండు గింజలు అడిగి తీసుకున్నారు, వాళ్ళమ్మాయి పెరట్లో నాటించడానికి. పూల కోసమేనట.