విశాఖలో మిద్దెతోట: ముందు ఉప్పు సంగతి చూసుకోండి

మిద్దెతోట అనగానే అందరూ ముందు విత్తనాల ప్యాకెట్లు కొంటారు. విశాఖలో నేనైతే విత్తనాల్ని ఆఖరున పెడతాను. మా డాబా పెదవాల్తేరు వైపు, సముద్రానికి దగ్గర్లోనే ఉంది. ఇక్కడ ఉప్పు నాలుగు దారుల్లో కుండీలోకి చేరుతుంది: గాలి, బోరు నీళ్లు, కొబ్బరి పొట్టు, చేపల మార్కెట్లో చవగ్గా దొరికే పాత థర్మోకోల్ పెట్టెలు. ఆ ఉప్పుకి ఆకు అంచు గోధుమరంగుకి తిరిగి ఎండిపోతుంటే బలం చాలలేదేమో అని ఇంకో గుప్పెడు ఎరువు వేస్తారు. ఎరువులోనూ లవణాలే ఉంటాయి కాబట్టి మొక్క మరింత త్వరగా మాడుతుంది.

దానికన్నా ముందు శ్లాబు. మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు పడుతుందని లెక్కేసి డిజైన్ చేయమంటుంది భవనాల మీద పడే బరువులకి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875. ఉత్త మట్టి నింపి తడిపిన 20 లీటర్ల పెయింట్ బకెట్ 35 కిలోల దాకా తూగుతుంది. అదే బకెట్లో కొబ్బరి పొట్టు, ఎరువు కలిపిన మిశ్రమం నింపితే 16–18 కిలోలు. మట్టిని తగ్గించమనేది అందుకే. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి నిమ్మో జామో పెట్టాలంటే దాన్ని పిల్లర్ మీదో, బీము వెంబడో, పిట్టగోడ వారగానో పెట్టాలి తప్ప గది నడినెత్తిన కాదు. పాత బిల్డింగ్ అయితే ఇంజనీరుకి చూపించాకే ఏదైనా.

లీకు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ బిగించి, డాబా అంతటా రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టి, కింద గది సీలింగ్ చూడాలి. చెమ్మ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే తోట. కుండీల కింద సిమెంటు ఇటుకలు పెట్టి రెండు మూడంగుళాలు ఎత్తుగా ఉంచితే నీళ్లు ఆగవు, వేర్లు శ్లాబు పగుళ్లలోకి దిగవు. ఇనుప స్టాండ్లు మాత్రం ఈ ఊళ్లో వద్దు. సముద్రపు గాలికి కాళ్ల దగ్గర మొదలైన తుప్పు పొరలు పొరలుగా రాలి శ్లాబంతా మరకలు చేస్తుంది.

ఇక నీళ్లు. నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే చవకరకం టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుంటే తోటంతటికీ అదే డాక్టరు. రీడింగ్ 500 లోపు ఉంటే దిగులక్కర్లేదు. తీరం వెంబడి కాలనీల్లో బోరు నీళ్లు 1000 దాటితే వాటిలో కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాననీళ్లో కలిపి వాడాలి. ఉప్పుకి ముందు పడిపోయేవి బీన్స్ జాతి మొక్కలు. పాలకూర, తోటకూర కొంత ఓర్చుకుంటాయి. ఎలాంటి నీళ్లయినా నెలకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా నిండుగా పోయాలి. రోజూ కొంచెం కొంచెం పోస్తే నీళ్లు ఆవిరైపోయి ఉప్పు పైనే ఉండిపోతుంది. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే అదే.

కొబ్బరి పొట్టు దగ్గర చాలామంది తొందరపడతారు. 5 కిలోల దిమ్మ 20–25 లీటర్ల నీళ్లు తాగి 60 లీటర్ల పైచిలుకు పొట్టవుతుంది. అలా ఉబ్బగానే కలిపేయకూడదు. గోనెసంచిలో పోసి, పైనుంచి నీళ్లు పోసి, వడకట్టాలి. మొదటిసారి టీ డికాషన్ రంగులో దిగుతాయి. ఆ నీళ్లలో మీటరు ముంచితే అంకె చూసి ఆశ్చర్యపోతారు. రంగు పలచబడి, అంకె మీ కుళాయి నీళ్లకి దగ్గరయ్యేదాకా రెండు మూడు సార్లు కడగాలి. 'లో ఈసీ' (ఉప్పు తక్కువ) అని రాసిన దిమ్మలు కాస్త నయం, అయినా ఒకసారి కడగడం మేలు. థర్మోకోల్ పెట్టెలకీ ఇంతే: ఒక రాత్రి నీళ్లు నిలబెట్టి, పారబోసి, అడుగున బొటనవేలంత కన్నాలు ఆరేడు పెట్టాలి. ఆకుకూరలకి వాటికి మించినవి లేవు, బరువుండదు, వేర్లకి వేడి తగలదు. కాకపోతే ఎండకి పెళుసెక్కి తెల్లటి పూసలు రాలడం మొదలయ్యాక తీసి పారేయాల్సిందే.

మిశ్రమం: ఎర్రమట్టి ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు, బాగా మాగిన పశువుల గత్తం గానీ వర్మీ కంపోస్ట్ గానీ ఒక వంతు. 20 లీటర్లకి 100 గ్రాముల వేపపిండి. వానాకాలానికి పొట్టు సగానికి తగ్గించి ఆ మేరకు ముతక ఇసుక కలుపుతాను, లేకపోతే వేరుకుళ్లు ఖాయం. తడిపాక పిడికిట్లో బిగిస్తే ముద్దవ్వాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే పొట్టు ఎక్కువైనట్టు. పచ్చిగత్తం వేస్తే కుండీలో వేడి పుట్టి నారు వాడిపోతుంది, వేరుపురుగూ దానితోనే వస్తుంది. పునాదులు తీసిన మట్టిలో సిమెంటు, సున్నం ముక్కలుంటాయి, నర్సరీలో కొనడం మంచిది. అన్నట్టు, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ ప్రదేశం. అక్కడి మట్టి గంపెడైనా తేకూడదు.

మార్చి నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది. ఆ వైపు పిట్టగోడకి లోపలగా మూడు నాలుగడుగుల ఎత్తున 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కడితే గాలి జోరు, ఉప్పు తుంపర రెండూ తగ్గుతాయి. రేకు అడ్డం పెట్టొద్దు. గాలి దాని మీదుగా ఎగిరి అవతల సుడి తిరిగి మొక్కల్ని విరుస్తుంది. వారానికోసారి పొద్దున్నే మంచినీళ్లతో ఆకులు కడిగితే చాలా సమస్యలు రావు. పోర్టుకి దగ్గరి కాలనీల్లో నల్లటి ధూళికీ ఇదే మందు.

కొత్తవాళ్లు జూన్‌లో తొలి వానలు పడ్డాక గోంగూర, తోటకూర, బెండ వేసుకోవాలి. తోటకూర నెల లోపే కోతకొస్తుంది, బెండ 45 రోజులకి కాయ ఇస్తుంది. టమాటాతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ, నిరాశపడేవాళ్లూ వాళ్లే. టమాటా కాయ పట్టాలంటే రాత్రి చల్లగా ఉండాలి. రాత్రిపూట 24 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి రాత్రులు అంతకంటే వేడిగా ఉంటాయి కాబట్టి ఏ టానిక్ కొట్టినా లాభం లేదు. సెప్టెంబరు చివర్లో నారు పోసి, 25 రోజుల నారుని అక్టోబరు ఆఖర్లో 12x12 అంగుళాల గ్రో బ్యాగుకి ఒక్కటి చొప్పున నాటాలి. కాయ అడుగు నల్లబడితే అది తెగులు కాదు. ఒకరోజు ఎండబెట్టి మరునాడు ముంచెత్తితే కాల్షియం కాయ చివరిదాకా అందదు. కొత్తిమీర నవంబరు నుంచి జనవరి వరకే.

బీర, సొర పిందెలు పసుపెక్కి రాలుతున్నాయంటే సాధారణంగా పరాగ సంపర్కం జరగలేదని అర్థం. ఈ రెండూ సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకి నాలుగో అంతస్తు మీదికి పురుగులు పెద్దగా రావు. దీపాలు పెట్టే వేళకి పైకెళ్లి, మగపువ్వు కోసి, రేకలు తుంచి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్య మెల్లగా రాయాలి. కాకర, దోసలకి ఈ పని పొద్దున్నే చేయాలి. తీగలకి 18x18 కన్నా చిన్న బ్యాగు చాలదు.

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మొదటిదానికి లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె. నూనెని ముందు కుంకుడు రసంలో గిలకొట్టి తర్వాత నీళ్లలో కలపాలి, లేకపోతే పైన తేలి ఆకుల్ని కాలుస్తుంది. కొట్టడం సాయంత్రమే. నల్లికి నీళ్లలో కలిసే గంధకపు పొడి (వెటబుల్ సల్ఫర్) లీటరుకి 3 గ్రాములు. ఈ రెంటికీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి.

పందిరిని సిమెంటులో పాతొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది, అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల కాలమే. వెదుళ్లని తాళ్లతో కట్టుకుంటే హెచ్చరిక రాగానే విప్పి పడుకోబెట్టొచ్చు. అన్నింటికంటే ముందు నెట్ విప్పాలి, గాలికి తెరచాపలా పనిచేసి స్తంభాల్నే పీకేస్తుంది. ఖాళీ బకెట్లు, పెట్టెలు ఇంట్లోకి, బరువైన కుండీలు పిట్టగోడ వారకి. డ్రైన్ జాలీలో చేరిన కొబ్బరి పొట్టు, ఆకులు ముందురోజే తీసేయండి, ఒక్క జాలీ మూసుకుంటే చాలు, కుండీల బరువుకి తోడు డాబా అంతటా నీళ్లు నిలబడతాయి.